గార్డు పెట్టె మామయ్య

మామయ్యకు బస్సు దిగడం వచ్చు, ఎక్కడం రాదు.

దిగడంలో ఆయన్ని కొట్టేవాడు లేడు. చక్రం ఆగీ ఆగకముందే నేలమీద ఉంటాడు. ఇక అక్కడినుంచి గాలికెగిరిన గొడుగే! బస్సు నిండి, అందరూ సర్దుకుని, డ్రైవరు హారన్ మీద అరచెయ్యి ఆనించాక, ఎక్కడో దుమ్ములోంచి రెండు చేతులూ ఊపుతూ "ఆగండి, ఆగండి!" అని పరిగెత్తుకొస్తాడు. రైలుకి ఆఖర్న తగిలించే పెట్టెలాగా ఎప్పుడూ ఆయనే చివర. అందుకే ప్రయాణం ఇంకా ఊపందుకోకముందే ఆయనకి 'గార్డు పెట్టె' అని పేరు పడిపోయింది.

ఆ పేరు విని నవ్వలేని మనిషి బస్సులో మేనకోడలొక్కతే. ఆనుకుని ఉన్న నాలుగు దేశాలు చుట్టి వచ్చే ఆ యాత్రకి ఆమే గైడు. ఇదే మొదటి యాత్ర. సవ్యంగా ముగిస్తేనే ఉద్యోగం ఖాయం. "నాకూ చూడాలని ఉందే కోడలా" అంటే జాలిపడి మామయ్యను ఎక్కించుకుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ముందే తెలియాల్సింది నిజానికి. ఆమె చిన్నప్పుడు వీధిలో పరుగు పందెం పెడితే, మీసాలొచ్చిన మనిషి పిల్లల్లో దూరి పరిగెత్తి మరీ ఆఖరున వచ్చేవాడు. పీపాలా దొర్లుకుంటూ వెళ్లే ఆమె కూడా ఆయన్ని ఓడించేది. "మీ తమ్ముడితో పందెం కడితే తాబేలుకైనా కప్పు ఖాయం" అని నాన్న అమ్మని ఏడిపించేవాడు.

ఎంత చక్కని దారో అది! ఒక కొండ దాటితే ఇళ్ల కప్పులు ఎరుపు వదిలి నీలం తొడుక్కునేవి. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు ఒకచోట తీగల్లా పాకేవి, ఇంకోచోట పిచ్చుకల్లా బారులు తీరి కూర్చునేవి. నది ఒక్కటే. వంతెనకి ఈ చివర దానికొక పేరు, ఆ చివర మరో పేరు. నడుమ మాత్రం ఏ పేరూ మోయకుండా హాయిగా పారుతోంది. సరిగ్గా అక్కడ మామయ్య కిటికీలోంచి తల బయటపెట్టి, "కోడలా! ముక్కు ఆ దేశం చేరిందే, చెవులింకా ఈ దేశంలోనే ఉన్నాయి!" అని కేకపెట్టాడు. బస్సంతా తలలు బయటపెట్టింది.

మొదటి మజిలీలో మాత్రం ఆలస్యమైంది టైలరమ్మకి. ఏళ్ల తరబడి మిషను తొక్కి మోకాళ్లు అరిగిపోయిన మనిషి. ఈ నాలుగు దేశాల గుడ్డలూ ఆమె సూది కిందనుంచి వెళ్లినవే. అవి నేసిన ఊళ్లు ఒక్కసారి చూడాలని బయల్దేరింది. ఆమె గోడ పట్టుకుని వచ్చేసరికి, మాజీ ప్లీడరుగారు గడియారం చూసి బస్సంతా వినపడేలా నిట్టూర్చారు. ఆమె ముఖం చిన్నబోయింది. "నావల్ల అందరికీ ఇబ్బంది. సరిహద్దు దాటకముందే నన్ను ఇంటి బస్సు ఎక్కించెయ్యమ్మా" అంది గైడుతో. వెనక సీట్లో మామయ్య కండువా ముఖం మీద కప్పుకుని గురక పెడుతున్నాడు.

ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తినా వినే తీరిక ఎవరికుంది? ఆ మర్నాటినుంచి బస్సు బస్సంతా మామయ్యను తిట్టడంలో మునిగిపోయింది.

ఒక ఊళ్లో సగం గడ్డంతో వచ్చాడు. "మిగతా సగం ఏదీ?" అంది మేనకోడలు.

"మంగలాయన కత్తి నూరుతూ పాటెత్తుకున్నాడే. పాట మధ్యలో లేచి రావడం మర్యాదేనా?"

"సగం గీయించుకుని రావడం మర్యాదా?"

"పాట అయిపోయింది, గడ్డం అవలేదు. నన్నేం చెయ్యమంటావు?"

మరో దేశంలో ఇద్దరు దుకాణదారులు కొట్టుకుంటుంటే తీర్పు చెబుతూ ఉండిపోయాడు.

"వాళ్ల భాష నీకొచ్చా?"

"రాదు. అందుకే నిష్పక్షపాతంగా చెప్పాను!"

ప్లీడరుగారు దిగ్గున లేచారు. "అభ్యంతరం! ఈయన కావాలనే చేస్తున్నాడు. సాక్ష్యంతో సహా పట్టుకోకపోతే నా పేరు మార్చుకుంటాను!" అని మెడలోని బైనాక్యులర్లు తట్టారు. ఆ గందరగోళంలోనే టైలరమ్మ మెల్లగా తన సీట్లో ఒదిగి కూర్చుంది.

చివరి మజిలీ గుట్ట. పైకెక్కితే నాలుగు దేశాలూ ఒక్క చూపులో కనిపిస్తాయి. కింద బస్సు, ఆ ముందు ఆఖరి సరిహద్దు. పొద్దుగూకితే గేటు మూసేస్తారు. దాటలేకపోతే యాత్ర అక్కడే ఆగిపోతుంది, దాంతోపాటు గైడు ఉద్యోగమూ.

"ఈసారి రాకపోతే గార్డు పెట్టె విప్పేసి బండి పోనివ్వాల్సిందే" అన్నారు ప్లీడరుగారు. అందరూ సరేనన్నారు. గైడు కూడా తలూపింది.

"మామయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా, త్వరగా రా!"

"కాళ్లు పట్టుకోకే, అసలే ఆలస్యమవుతుంది!" అంటూ మాయమయ్యాడు.

ఎండ పసుపు నుంచి కాషాయానికి తిరిగింది. అందరూ ఎక్కేశారు. ఇద్దరు తప్ప. డ్రైవరు హారన్ కొట్టాడు. కొండ ఆ మోతను తిప్పి పంపింది, మామయ్యను పంపలేదు.

కిటికీలోంచి బైనాక్యులర్లు తిప్పుతున్న ప్లీడరుగారు "దొరికాడు!" అని అరిచారు. "సగం మెట్ల మీద కూర్చుని... బూటు లేసు కట్టుకుంటున్నాడు!"

"మా మామయ్యవి చెప్పులండీ! లేసులెక్కడివి?" అంటూ గైడు బైనాక్యులర్లు లాక్కుంది.

నిజమే. లేని లేసును ఆయన వేళ్లు శ్రద్ధగా ముడివేస్తున్నాయి. ఆయనకి కాస్త కింద టైలరమ్మ, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతోంది. ఆమె ఊపిరి కోసం ఆగితే ఆయన లేసు కట్టుకుంటాడు. ఆమె కదిలితే లేచి, ఆకాశం చూస్తూ మరో మెట్టు దిగుతాడు. ఆమెను దాటడు.

గైడు బైనాక్యులర్లు దించింది. వీధిలో పరుగు పందెం గుర్తొచ్చింది. తను ఒక్కసారి కూడా ఆఖరున రాలేదు. మామయ్య ఉన్నాడు కదా!

బైనాక్యులర్లు చేతులు మారాయి. ముందుగా ప్లీడరుగారే గొంతు సవరించుకుని బస్సు దిగారు. వెనకే అందరూ.

టైలరమ్మ వచ్చి, బయట నిలబడ్డ జనాన్ని చూసి బిక్కచచ్చిపోయింది. "అయ్యో, నాకోసం ఆగారా?"

"మీకోసమా?" ప్లీడరుగారు నేలంతా వెతుకుతూ అన్నారు. "నా చెప్పు కనబడటం లేదమ్మా. మీరు ఎక్కండి."

రెండు కాళ్లకీ రెండు చెప్పులున్నాయి. ఆమె చూసింది. కమ్మీ పట్టుకుని ఎక్కింది.

"ఆగండి, ఆగండి!" మామయ్య చేతులూపుతూ దూసుకొచ్చి, నిండని బస్సును చూసి కొయ్యబారిపోయాడు.

"మీరు ముందెక్కండి" అన్నారు ప్లీడరుగారు.

"కుదరదు. ఆఖరు నాది."

"ఇవాళ నాది!"

"ప్లీడరుగారూ, ఇది అన్యాయం!"

"అయితే అప్పీలుకెళ్లండి!"

"మామయ్యా, గేటు!" గైడు ఆయన్ని వెనకనుంచి నెట్టింది. ఆయన తలుపు కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాడు. అక్కడ సూర్యుడు గేటు కర్ర మీద గడ్డం ఆనించాడు.

అప్పుడు కిటికీలోంచి టైలరమ్మ తల బయటపెట్టి, తన జీవితంలో మొట్టమొదటిసారిగా గట్టిగా కసిరింది.

"త్వరగా ఎక్కండయ్యా! ఎంతసేపు కాచుకోవాలి మీకోసం?"