పందికొక్కు అనుకుని డిక్సన్ దాకా వెళ్లొచ్చాం

ఈ వేసవిలో నేపర్‌విల్‌లోని మా పెరటి లాన్ కింద సొరంగాలు పుట్టుకొచ్చాయి. అడుగేస్తే నేల దిగబడేది. అప్పుడే నా గోంగూర మడిలో ఆకులు మాయమవడం మొదలైంది. పక్కింటి శ్రీధర్ అన్నయ్య వచ్చి చూసి, "పందికొక్కే చెల్లెమ్మా, డౌటే లేదు. మా బాపట్లలో ఎన్ని చూళ్లేదు" అని తేల్చేశారు. అది విని మా ఆయన, కొక్కులు మేసే మడి మనకెందుకు, పీకేసి గడ్డి పరిచేద్దాం అన్నారు. చలి పోయేదాకా ఇంట్లో కుండీల్లో పెంచి, ఆ తర్వాత బయట నాటుకున్న మొక్కలవి. నాకు ఏడుపొక్కటే తక్కువ.

శుక్రవారం ఓ జంతువు డ్రైవ్‌వే పక్కన చచ్చి కనబడింది, సొరంగాలు తవ్వింది ఇదే అనుకున్నాం. గ్లవ్స్ వేసుకుని ఖాళీ పెరుగు డబ్బాలోకి ఎత్తి, ఐస్ బాక్స్‌లో పెట్టాను. శనివారం ఉదయం తొమ్మిదికి అన్నయ్య కారులో ఇద్దరం బయలుదేరాం. ఐ-88 హైవే మీద పడమరగా గంటంపావు డ్రైవ్, దారిలో టోల్ ఉంటుంది. డిక్సన్ దగ్గర నది ఒడ్డున చిన్న నేచర్ సెంటర్ ఉంది, అక్కడ చూపిస్తే ఏ జంతువో చెబుతారు, ప్రవేశం ఉచితం. దారి పొడవునా మొక్కజొన్న చేలే. "ఈ నెలంతా ఇండియన్ స్టోర్‌కి గోంగూరే రావట్లేదు, నోరు చచ్చిపోయింది" అని అన్నయ్య వాపోతే నాకు జాలేసింది.

సెంటర్‌లో లిండా అనే ఆవిడ ఐస్ బాక్స్‌లోంచి డబ్బా తీసి మూత తెరిచింది. గోంగూర పచ్చడి వాసన గుప్పుమంది.

"ఇది జంతువు కాదు" అందావిడ గంభీరంగా.

"అది నా లంచ్" అంటూ అన్నయ్య గబుక్కున మూసేశారు. నాకు చెప్పకుండా ఆయనా అదే బాక్స్‌లో తన డబ్బా పెట్టారు. మన ఇళ్లలో పెరుగు డబ్బాలు తప్ప వేరే డబ్బాలెక్కడివి?

రెండో డబ్బాలో మా జంతువు బయటపడింది. లిండా గ్లవ్స్ వేసుకుని ఒక్కొక్కటే చూపించింది. ముందు పాదాలు పొడవుకన్నా వెడల్పు, అరచేతులు బయటికి తిరిగి చేటల్లా ఉన్నాయి. కళ్లు, చెవులు పైకి కనబడవు. ముక్కు మొనదేలి, వెంట్రుకల్లేకుండా గులాబీ రంగులో ఉంది. బూడిదరంగు బొచ్చు ఎటు నిమిరినా అటే పడుకుంటుంది. తోక పొట్టిది, దాదాపు బోడి.

"పిల్ల పందికొక్కేమో" అన్నారు అన్నయ్య, ఆశ చావక.

"పెద్దదే. ఈస్టర్న్ మోల్, నేల కింద సొరంగాలు తవ్వుకుని బతికే జంతువు, ఇక్కడ మామూలే" అంది లిండా.

ఆకులు తింటుందా అని అడిగాను నేను.

"ముట్టదు. వానపాములు, పురుగులే దీని తిండి."

నేను మొదటి డబ్బా వైపు చూశాను. "అన్నయ్యా, స్టోర్‌లో గోంగూర లేదన్నారు కదా?"

ఆయన గోడ మీది మ్యాప్ వైపు తిరిగారు. "కిందవి, ముదురాకులే కోశాను చెల్లెమ్మా."

చేతులు కడుక్కుని నది ఒడ్డున బెంచీ మీద తిన్నాం. పచ్చడి బాగుంది, కోపంలోనూ రెండుసార్లు వడ్డించుకున్నాను. ఇంటికొచ్చాక మడి పీకే మాట మళ్లీ రాలేదు. పాపం, నా గోంగూర జోలికే రాని మూగజీవిని నెలంతా తిట్టుకున్నందుకు మనసు చివుక్కుమంది. మీరూ ఇలా వెళ్తే గ్లవ్స్ లేకుండా దేన్నీ ముట్టుకోకండి, డబ్బా మీద ఏముందో రాసుకోండి, తిండి మాత్రం వేరే బాక్స్‌లో పెట్టుకోండి. మేం మడికి కంచె కూడా కట్టాం, శ్రీధర్ అన్నయ్య ఎత్తున.