వయసులు సమానమైనప్పుడు

నా మాట ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. మా సంఘానికి నేను రాసిన ఫిర్యాదులు ఏ బీరువాలో పడి ఉన్నాయో తెలియదు. ఉత్సవం ఆహ్వానంలో నా పేరు వదిలేశారని రాశాను, జవాబు లేదు. సభలో అందరికీ కుర్చీలు వేసి నన్ను స్తంభం పక్కన నిలబెట్టారని రాశాను, జవాబు లేదు. భోజనాల దగ్గర పాయసం బకెట్టు నా ఆకు దాటి వెళ్లిపోయిందని కూడా రాశాను. నవ్వకండి. దాటిపోయింది నిజం.

అవన్నీ న్యాయమైన ఫిర్యాదులే. ఈ రోజుకూ అదే అంటాను. కానీ వాటన్నిటి అడుగున ఒక బరువుంది. ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను. దాని గురించి ఒక్క ముక్క ఎవరికీ రాయలేదు. ఇంతమందిని జవాబు అడిగిన నేను, నా వైపు నుంచి రావలసిన జవాబును ఇన్నాళ్లు ఎందుకు దాచాను? మీరు మా వీధివాళ్లు కారు. మీకు చెప్పగలను.

తమిళనాడులోని ధర్మపురిలో, పెన్నాగరం రోడ్డు మీద, నాకో చిన్న కంప్యూటరు శిక్షణ కేంద్రం ఉంది. మా తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఏటా అమ్మవారికి పిండి దీపాల ఊరేగింపు చేస్తాం. బియ్యపు పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, నడుమ గుంట తీసి నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. ఇంటికొక పళ్లెం. ఆ ఇంటి పెద్దావిడ దాన్ని ఎత్తుకొని నడుస్తుంది. ముందు నడిచే పళ్లేన్ని గర్భగుడి దీపంతో వెలిగిస్తారు, మిగతావన్నీ దాని నుంచి వెలిగించుకుంటారు. అందుకే ఎవరు ముందు నడవాలన్నది ఏటా తగాదా. ఒక ఏడు గుడి వాకిట్లోనే పళ్లేలు పళ్లేలు తగిలి నెయ్యి ఒలికింది. అప్పుడు సంఘం పెద్ద కృష్ణప్ప మామ విసుగెత్తి, ఇక మనుషులు వద్దు, కంప్యూటరు చెప్పనీ అన్నాడు. ఆ పని నాకే వచ్చింది.

సభలో రెండు నియమాలు పెట్టుకున్నారు. మొదటిది, ఏ ఇంటి పెద్దావిడ వయసు ఎక్కువో ఆ ఇల్లు ముందు. రెండోది, వయసులు సమానమైతే, పోయిన ఏడు ఎవరు వెనక నడిచారో వాళ్లు ఈ ఏడు ముందు. రెండూ మంచి నియమాలే. రెండోది మరీ మంచిది.

ప్రోగ్రాములో ఇది పెద్ద పనేమీ కాదు. ఒక్కో ఇంటికి రెండు అంకెల జత: పెద్దావిడ వయసు, పోయినేటి స్థానం. వరుస పేర్చేటప్పుడు యంత్రం రెండేసి ఇళ్లను తీసుకొని, వీటిలో ఏది ముందు అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే నాలుగు లైన్లు మనం రాయాలి. మైనస్ ఒకటి అంటే మొదటిది ముందు. ప్లస్ ఒకటి అంటే రెండోది ముందు. తక్కినదంతా యంత్రమే చూసుకుంటుంది. మనం చెప్పిన జవాబును అది అనుమానించదు.

సభలో ఎవరికీ తట్టనిది నాకు తట్టింది. వయసులు సమానం కావడం అరుదు అనుకున్నారు వాళ్లు. మా ముసలివాళ్లలో పుట్టిన తేదీ తెలిసినవాళ్లు ఎవరు? రేషను కార్డులు రాయడానికి వచ్చిన మనిషి తల నెరిసిన ప్రతి ఆడమనిషికీ డెబ్బై అయిదు అని రాసుకుంటూ పోయాడు. వయసులన్నీ నా దగ్గరికి వచ్చినప్పుడు చూశాను. చాలా ఇళ్లది ఒకటే అంకె, అంతకు మించిన అంకే లేదు. నేను తప్ప వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. అంటే మొదటి నియమం పేరుకే. అసలు వరుస తేల్చేది రెండోదే.

ఆ రెండో నియమాన్ని నేను తిప్పి రాశాను.

పొరపాటున కాదు. ఒక గుర్తు మార్చాలి, అంతే. వెనక నడిచినవాళ్లు ముందుకు రావలసిన చోట, ముందు నడిచినవాళ్లే మళ్లీ ముందుకు వచ్చేలా రాసి, ఒకసారి నడిపి చూసి, టీ తాగాను.

ఎందుకు? గోవిందు మేస్త్రి కోసం. కట్టడం పనుల మేస్త్రి. నా కేంద్రం ముందు మెట్లు కట్టింది ఆయనే. ప్రారంభం రోజు నేను రిబ్బను కత్తిరిస్తుంటే వీధి వీధంతా వినేలా అన్నాడు: "పంతులు కాలేక టైపింగు కొట్టు పెట్టినాడు మనోడు. దీనికి రిబ్బను వేరే! మెట్లు గట్టిగా కట్టినాను లే, దిగి పోయేటప్పుడు జారి పడడు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్విన నవ్వు ఇప్పటికీ నా దవడల్లో ఉంది. ఆయన తల్లి మునెమ్మ అవ్వ. పెన్నాగరం పక్క మెట్ట పల్లెల నుంచి ఆలస్యంగా వచ్చి చేరిన ఇల్లు వాళ్లది. కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆవిడ అందరి వెనకే, దుమ్ములోనే నడిచింది. ఆవిడ కార్డులోనూ డెబ్బై అయిదే. సభ పెట్టిన నియమం ఉన్నదున్నట్టు రాసి ఉంటే ఆ ఏడు మొదటి పళ్లెం ఆవిడదే.

నాకది తెలుసు. కొడుకు మీది కోపం తల్లి మీద తీర్చుకుంటున్నానని తెలిసే చేశానా? లేక ఆవిడ నాకు కనిపించనే లేదా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా జవాబు ఒకటే వస్తుంది. కనిపించింది. స్పష్టంగా కనిపించింది.

ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోరని నాకు ధైర్యం. మేస్త్రి, మామ కలిసి వచ్చి, ఒక ఇంటికి డెబ్బై అయిదు, ఒక ఇంటికి అరవై వేసి చూపించమన్నారు. చూపించాను. పెద్ద వయసు ముందు వచ్చింది. ఉత్సవం నాడు అసలు వరుసలో, ఎప్పుడూ ముందు నడిచే కొన్ని ఇళ్లు, పెద్దావిడలు వయసులో చిన్నవాళ్లు కాబట్టి, వెనక్కి పోయాయి. అది చూసి సభంతా మెచ్చుకుంది. సమానమైతే ఏమవుతుందో చూపించమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడినా? చెప్పేవాణ్ణి కాదు. ఆ నిమిషంలో కూడా వంక వెతికి ఉండేవాణ్ణి.

ఉత్సవం నాటి ఉదయం అవ్వ నా కేంద్రానికి వచ్చింది. మెట్లు ఎక్కలేక కిందనే నిలబడింది.

"ఏమి రా నాయనా, నీ మిషను ఏమంటా ఉండాది? మాది యాడ పడింది?"

"వెనకనే పడింది అవ్వా. పోయినేడు మాదిరే. నీ వెనక నాలుగిండ్లు ఉండాయి."

"నాలుగా! అయితే ఈ ఏడు తిరిగి చూస్తే మనుషులు కనబడతారు. పరవాలేదు." పళ్లులేని నోటితో నవ్వింది. "పిండి నిన్ననే దంచి పెట్టినాను. ముందర పడతాది అని మా గోవిందు ఒకటే చెప్తా ఉన్నాడు."

"కోపం రాలేదా అవ్వా?"

"మనిషి చెప్పింటే కొట్లాడేదాన్ని. మీ కృష్ణప్ప మామ చెప్పింటే వాని పంచె పట్టి గుడి చుట్టూ తిప్పేదాన్ని. మిషనుకు నా పైన ఏమి పగ నాయనా? దానికి ఎవురు ఏమి చేసినారు?"

నేను ఏదో అన్నాను. ఎండ ఎక్కకముందే పో అవ్వా అన్నాననుకుంటాను. అప్పటికి ఊరేగింపు మొదలు కాలేదు. ఆ గుర్తు మార్చి, పొరపాటైందని చెప్పి, వరుస మళ్లీ తీయడానికి కావలసినంత సమయం ఉంది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చున్నాను.

మరుసటి ఉత్సవం రాకముందే అవ్వ పోయింది.

అక్కడితో ఆగలేదు. కర్మల రోజు మేస్త్రి అందరి ముందూ కృష్ణప్ప మామను నిలదీశాడు. మామ ఇల్లు మళ్లీ ముందు నడిచింది కదా, ఆయనే నాకు చెప్పి అలా చేయించాడని మేస్త్రి నమ్మకం. మామ నా వైపు తిరిగి, "నువ్వే చెప్పు రా, నేను నీకేమన్నా చెప్పినానా?" అని అడిగాడు. "మిషను అట్ల చెప్పింది మామా" అన్నాను. ఆ మాట ఆయన్ను కాపాడలేదు, ముంచలేదు. అనుమానం అనుమానంగానే మిగిలింది. అప్పటి నుంచి ఆ రెండిళ్లకు మాటల్లేవు. మేస్త్రి ఇంటి నుంచి పిండి దీపం రావడం లేదు. మొదటి తప్పు కోపంతో చేశాను. ఈ రెండోది చల్లగా, నిలబడి, ఒక నిరపరాధి కళ్లలోకి చూస్తూ చేశాను. దేని బరువు ఎక్కువో నేను పోల్చి చూడలేదు. పోల్చడం నా వృత్తి అయినా.

పోయిన వారం ఆ నియమాన్ని సరిచేశాను. గుర్తు వెనక్కి తిప్పి మేస్త్రి ఇంటి జతను కూడా చేర్చి నడిపాను. ఆ ఇల్లు ముందు పడలేదు. ఎలా పడుతుంది? ఇప్పుడా ఇంట్లో పెద్దావిడ మేస్త్రి భార్య. ఆమెకు ఇంకా యాభై కూడా దాటలేదు. ప్రోగ్రాము ఇప్పుడు నూటికి నూరు పాళ్లు సరిగ్గా ఉంది. సరిగ్గా ఉండి ఎవరికీ ఏమీ తిరిగి ఇవ్వడం లేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఇది తెలుగు లిపిలో రాస్తున్నాను. మా వీధిలో అందరూ ఇళ్లల్లో తెలుగే మాట్లాడతారు, చదవగలిగినవాళ్లు మాత్రం నాతో కలిపి ఇద్దరో ముగ్గురో. ఎవరూ చదవలేని అక్షరాల్లో నేరం ఒప్పుకోవడం కూడా ఒక దాపరికమే కదా? కాబట్టి రేపు దీన్నే తమిళంలో రాసి, మేస్త్రి ఇంటికీ, మామ ఇంటికీ నేనే తీసుకుపోతాను. క్షమించమని అడగను. క్షమించగలిగిన మనిషి ఇప్పుడు లేదు. రాసినందుకు మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ మాట కూడా దాచను.

గోవిందన్నా, నువ్వు నన్ను ఎగతాళి చేసిన మాట నేను మరచిపోలేదు, మరవను. అది వేరే లెక్క. నీ తల్లి పళ్లేన్ని వెనక్కి నెట్టింది నేను, కృష్ణప్ప మామ కాదు. పాత సంగతి వదిలేయి అని ఎవరి చేతనో చెప్పించవద్దు. నా ముఖం చూసి పక్కకు తిరిగి పోవద్దు. వచ్చి మెట్ల కింద నిలబడి నలుగురూ వినేలా తిట్టు, పనివాళ్లను తెచ్చి నా వాకిలి పగలగొట్టు, ఏమన్నా చెయ్యి. ఈసారి మాత్రం నువ్వే, నీ నోటితో, నాకు జవాబు చెప్పాలి.