చింతపండుతో తోమిన కారు దీపం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దసరా వచ్చిందంటే పిల్లల చేతికి కొత్త బట్టల కంటే ముందు చింతపండు ముద్ద, ఇటుకపొడి వచ్చేవి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయగడలో స్థిరపడిన కుటుంబం మాది. బజారులో మా తాతయ్యకి చింతపండు, పసుపు టోకు వ్యాపారం ఉండేది. ఆయుధపూజకి ముందురోజు కొట్లో త్రాసు పళ్ళేలు, ఇంట్లో ఇత్తడి బిందెలు, దీపపు సెమ్మెలు అన్నీ తోమి తళతళలాడించాలి. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని మా నాయనమ్మ ఒకసారి అంది. ఆవిడ అన్నది పని చేయించుకోవడానికి. తొమ్మిదేళ్ళదాన్ని, నేను నిజమేనని నమ్మేశాను. ఇప్పటికీ ఎవరైనా కాస్త పొగిడితే వాళ్ళింటి గిన్నెలు కూడా తోమి పెట్టే రకాన్నే.

మా తాతయ్యకి ఒక పాత కారుండేది. ఎవరో దొర ఊరు వదిలి వెళ్ళిపోతూ అమ్మితే కొన్నారట. నల్లటి కారు, ముందు రెండు పెద్ద దీపాలు, వాటి చుట్టూ వెండిలా మెరిసే రింగులు. దాన్ని నడిపేదీ, కడిగేదీ, తోచనప్పుడు దానితో మాట్లాడేదీ మా డ్రైవరు మావ. మాకు చుట్టం కాదు. గుణుపురం దగ్గర పల్లె నుంచి వచ్చి, మా కొట్టు వెనక గదిలో పెళ్ళాం పిల్లలతో ఉండేవాడు. నాకు తొమ్మిదేళ్ళున్న ఆ వేసవిలో ఘాట్ రోడ్డు మీద ఎద్దుబండిని తప్పించబోయి కారు తలుపుకి సొట్ట పెట్టాడు. ఇంకొక్కసారి కారుకి ఏమైనా అయితే వేరే మనిషిని చూసుకుంటానని తాతయ్య నలుగురి ముందూ అనేశారు. మావ తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రోజు నాకు తాతయ్య మీద చాలా కోపం వచ్చింది.

ఇక నా ఘనకార్యం చెబుతాను. ఆ ఏడు పూజకి ముందురోజు మధ్యాహ్నానికి నా వంతు పళ్ళేలు తోమేశాను. ముద్దలో ఇంకా సగం చింతపండు మిగిలింది. మావ అరటిపిలకలు తేవడానికి వెళ్ళాడు. కారు పాకలోకి వెళ్ళి చూద్దును కదా, కుడివైపు దీపం రింగు అంచున తెల్లటి పొర లేచి, కింద నుంచి పసుపుపచ్చగా ఇత్తడి తొంగిచూస్తోంది. మా ఇళ్ళలో ఇత్తడి గిన్నెలకి లోపల కళాయి పూయిస్తాం. పూసేవాడి అజాగ్రత్త వల్ల బయటికి అంటుకుంటే ఆడవాళ్ళు వాణ్ణి నాలుగు తిట్టి, తోమి వదిలించేస్తారు. ఇదీ అలాంటి కళాయేననుకున్నాను. ఇన్నాళ్ళూ ఇంత మంచి ఇత్తడిని ఎవరూ పట్టించుకోలేదే అని జాలి కూడా పడ్డాను. ఊడనిచోట చిల్లపెంకుతో గీకి, కొబ్బరిపీచుతో చింతపండు, ఇటుకపొడి పెట్టి, సాయంత్రం దాకా తోమాను. రింగంతా పచ్చగా బయటపడింది. ఉబ్బితబ్బిబ్బయి నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. ఒక కన్ను తెల్లగా, ఒక కన్ను పచ్చకామెర్లు వచ్చినట్టుగా, కారు నా వంక చూస్తోంది.

అప్పుడే మావ వచ్చాడు. అరటిపిలకలు కింద పెట్టి, దీపం ముందు గొంతుక్కూర్చుని రింగు మీద చెయ్యి వేశాడు. తిట్టలేదు. అది కళాయి కాదనీ, క్రోమియం పూత అనీ, పోతే మళ్ళీ విశాఖపట్నం పంపి వేయించాల్సిందేననీ మెల్లగా చెప్పాడు. వేసవిలో తాతయ్య అన్న మాట నాకప్పుడు గుర్తొచ్చింది. పరుగెత్తుకెళ్ళి టీపొడి పెట్టెలోంచి వెండికాగితం తెచ్చి, ఇది చుట్టేద్దాం, ఎవరికీ తెలియదన్నాను.

మావ నవ్వాడు గానీ ఆ నవ్వు ముఖమంతా రాలేదు. "కాగితం మాట అలాగుంచు అమ్మీ. నిజం పూత ఏసినా కింద గీత దాగదు. పూత మెరిసిందంటే ఆ గీత ఇంకా బాగా అగుపిస్తాది. ముందు కిందది నున్నగా సెయ్యాల" అన్నాడు. రింగు విప్పి, గరుకుగా ఉండే ఉప్పు కాగితంతో నా చిల్లపెంకు గీతల్ని కొంత నున్నగా రుద్ది, మళ్ళీ బిగించాడు.

మర్నాడు పొద్దున్న పూజలో తాతయ్య కుంకుమ పళ్ళెంతో త్రాసుకి, గల్లాపెట్టెకి బొట్లు పెట్టి కారు దగ్గరికి వచ్చారు. కుడి దీపం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఎవులు తోమేరు ఇది?"

"నానే బాబూ" అన్నాడు మావ, క్షణం కూడా ఆలోచించకుండా.

పూజ అయ్యాక మాట్లాడదామన్నారు తాతయ్య. ఆ మాటకి అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. గుమ్మం దగ్గర మావ భార్య చంటిపిల్లాణ్ణి గట్టిగా పట్టుకుంది. నేను నాయనమ్మ వెనక నక్కి ఉన్నాను. ఊరుకుంటే నాకేమీ కాదు. దానికే నాకు భయం వేసింది. పూత వేసినా గీత దాగదని నిన్న నాకు చెప్పిన మనిషి ఈ రోజు నా తప్పు మీద తానే పూతలా పడ్డాడు. ఏడుపు తన్నుకొచ్చింది.

"మావ కాదు తాతయ్యా. నేనే. కళాయనుకుని గీకేసేను."

తాతయ్య నా చేతులు పట్టుకుని చూశారు. గోళ్ళ నిండా ఇటుక ఎరుపు. తర్వాత పచ్చ రింగుకీ, తెల్ల రింగుకీ కూడా బొట్టు పెట్టారు.

"నువ్వెక్కడికీ ఎల్లక్కర్లేదు" అన్నారు మావతో. "ఈ అమ్మి సేత రెండోది కూడా తోమించు. రెండూ కలిపి పూతకి పంపుదాం."

మావ కారు అవతలి వైపుకి వెళ్ళి, శుభ్రంగా ఉన్న తలుపుని తువ్వాలుతో చాలాసేపు తుడిచాడు.

తర్వాత వారం రోజులు నా పని అదే. మావ రెండో రింగు పూత కూడా తీసి ఇచ్చాడు. ముతక కాగితం, సన్న కాగితం, ఆఖర్న సుద్దపొడి, గుడ్డ. చేతులు పుళ్ళు పడ్డాయంటే నమ్మండి. చివరి రోజు రెండో రింగు అడుగున నాలుగు వేళ్ళ మేర విసుగొచ్చి వదిలేశాను. అయిపోయిందా అని మావ అడిగాడు. అయిపోయిందన్నాను. ఆయన రింగు తిప్పి చూశాడు, అలాగే గోనెగుడ్డలో చుట్టి రైల్లో పంపాడు. రింగులు అద్దాల్లా మెరుస్తూ తిరిగొచ్చాయి. రెండోదాని అడుగున మాత్రం వెంట్రుకంత గీత, మిగతా మెరుపంతా దాన్ని చూపించడానికే ఉన్నట్టుగా. మావ దాని మీద నా వేలు పెట్టించాడు. తాతయ్యకి మాత్రం చెప్పలేదు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

కారుకి ఓపిక అయిపోయి పాత ఇనుముకి వెళ్ళేటప్పుడు ఆ రింగు నేను అడిగి తీసుకున్నాను. ఇప్పుడది మా వంటింట్లో మంచినీళ్ళ కుండ కింద కుదురు. పడేద్దామని మా కోడలు అంటుంది, నేను ఒప్పుకోను. రోజూ కుండ ఎత్తినప్పుడు నా వేలు తనంతట తనే ఆ గీత దగ్గరికి వెళుతుంది. ఈ వయసులో కూడా, ఏ పని గురించైనా అయిపోయిందా అని ఎవరైనా అడిగితే, ఒకసారి వెనక్కి తిరిగి అడుగు దాకా చూసుకున్నాకే నాకు అవునన్న మాట నోటికొస్తుంది.