సీడీలో లేని ఊపిరి

అనంతపురంలో పెళ్లి ఊరేగింపులకు శాక్సోఫోన్ వాయించే బ్యాండు మాస్టరుకు ఒక అలవాటు ఉండేది. పాట ఎత్తుకునే ముందు, డోలు వాయించేవారికి సైగగా, ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చేవాడు. యౌవనంలో బెంగళూరులో ఒక జాజ్ రికార్డుకు తానే వాయించానని చెప్పుకునేవాడు. దాని అట్టమీద ఆయన పేరు లేదు. ఆధారం లేని మాటను నేను నమ్మను, దీనినీ నమ్మలేదు.

రెండువేల సంవత్సరం దాటాక, ఎవరూ పట్టించుకోని ఆ రికార్డు సీడీగా మళ్లీ వెలువడింది. తెప్పించి, ఆయనను ఇంటికి పిలిచి వినిపించాను. ఆయన ముఖం చిట్లించాడు.

"ఇది నేను గాదు సార్."

"ఏమప్పా, ఇన్నేండ్లు చెప్పిందంతా బొంకేనా?"

"పాట నాదే. నా ఊపిరి యాడికి పాయె? పాత రికార్డు గరగర శుభ్రం జేస్తామని నన్నే కడిగేసినారు!"

మంచి సాకే దొరికిందనుకున్నాను. ఆయన విసవిసా వెళ్లి, తన పాత రికార్డు తెచ్చి, మా రికార్డు ప్లేయరు మీద పెట్టాడు. గరగరల మధ్య, శాక్సోఫోన్ మొదలయ్యే ముందు, ఎవరో ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చారు. సరిగ్గా అప్పుడే, కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్న ఆయన ఛాతీ పైకి లేచింది.

పరీక్ష పేపర్లు దిద్దే ఎర్రసిరా కలం తీసి, సీడీ అట్టమీద ఆయన పేరు రాశాను.