తిరిగే కుర్చీలో నేర్చుకున్న ఫోర్‌హ్యాండ్

పెళ్లిచూపులకు వెళ్లి అమ్మాయికి వీపు చూపించి వచ్చిన మగాడు హైదరాబాద్ మొత్తంలో నేనొక్కడినే అయ్యుంటాను. పొగరుతో చూపించలేదు, ఇటు తిరగడం చేతకాక చూపించాను. ఆ ఘనకార్యం జరిగి ఆరేళ్లయింది. ఇప్పటికీ చలికాలం పొద్దున్నే మంచం దిగుతుంటే నా నడుము ఆ సంగతి గుర్తుచేస్తుంది. మీరు నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే నిటారుగా కూర్చుని నవ్వండి, అదొక్కటే నా మనవి.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. హైటెక్ సిటీలో ఓ అద్దాల మేడ ఆరో అంతస్తులో ఉద్యోగం. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్తే గానీ మిగతాది మీకు అర్థం కాదు. నాకున్న అనుభవం ఏడాదిన్నర. రెజ్యూమెలో రాసింది నాలుగేళ్లు. ఇంటర్వ్యూకి ముందు పది రోజులు వీడియోలు చూశాను, ఉద్యోగం వచ్చాక పని నేర్చుకున్నాను. మా టీమ్‌లో సగం మంది వచ్చిన దారి అదే. అడిగి చూడండి, ఒక్కడూ ఒప్పుకోడు.

కాబట్టి మూసాపేటలో మా అమ్మ "పెళ్లి సైట్‌లో నీ గురించి నువ్వే రాసుకోరా" అన్నప్పుడు నాకు తెలిసిన పద్ధతిలోనే రాసుకున్నాను. ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. నిద్ర లేచేది ఉదయం ఐదింటికి. వంట బాగా వచ్చు. ఆటల దగ్గరికి వచ్చేసరికి ఏం రాయాలో తోచలేదు. క్యారమ్స్ అని రాస్తే బాగుండదు. టెన్నిస్ అని కొట్టాను. అంతటితో ఊరుకోవచ్చు కదా? పక్కనే "బలమైన ఫోర్‌హ్యాండ్" అని కూడా చేర్చాను. ఫోర్‌హ్యాండ్ అంటే కుడిచేతివాటం మనిషి కుడిపక్కకు వచ్చిన బంతిని కొట్టే దెబ్బ. అప్పటికి నాకు తెలిసింది కూడా ఆ మాత్రమే.

పదకొండు సంబంధాలు వచ్చాయి, పదకొండూ పోయాయి. పన్నెండోది శ్రావ్యది. వాళ్లది బాచుపల్లి. ఫోటో చూసి ఫోన్ చేశాను. గంటంబావు మాట్లాడుకున్నాం, అంటే నేను మాట్లాడాను, తను విన్నది. మధ్యలో మూడుసార్లు నవ్వింది. అంతకుముందు పదకొండు మందిలో ఒక్కరూ నవ్విన పాపాన పోలేదు. నాకు ఆ అమ్మాయి నిజంగా నచ్చింది. ఈ సంబంధం తప్పిపోతే బతకలేనేమో అన్నంత బెంగ పట్టుకుంది. తనేం చేస్తుందో మాత్రం అడగలేదు. "క్లినిక్ నుంచి వస్తున్న" అన్నట్టు గుర్తు. ప్రొఫైల్‌లో అంతా ఉందట, నేను ఫోటో దాటి కిందికి పోలేదు.

రెండు రోజులకి అమ్మ ఫోన్ చేసింది.

"అమ్మాయికి కూడా టెన్నిస్ అంటే ఇష్టమటరా. మణికొండలో వాళ్ల చుట్టాల అపార్ట్‌మెంట్‌లో కోర్టు ఉందట. ఇంట్లో కూర్చుని మొహాలు చూసుకునేదేముంది, వచ్చే ఆదివారం కాక పై ఆదివారం పొద్దున్నే అక్కడికే రమ్మంటున్నారు. ఇద్దరూ కాసేపు ఆడుకుంటారట."

"వస్తామని చెప్పు."

"నువ్వెప్పుడు ఆడావురా టెన్నిస్?"

"పది రోజులు టైముందిగా అమ్మా, నేర్చుకుంటాను."

"నిన్ను కన్నదాన్ని నేను. పుట్టాక నువ్వెత్తిన బరువు ఆ లాప్‌టాప్ ఒక్కటే. నిజం చెప్పెయ్, పోయేదేముంది?"

పోయేది శ్రావ్య. ఆ మాట అమ్మకి చెప్పలేదు.

మర్నాడే మా కాలనీ దగ్గర కోర్టులో పిల్లలకు ఆట నేర్పే యాదగిరిని పట్టుకున్నాను. యాభై ఏళ్లుంటాయి. గొంతు మైకు అక్కర్లేనిది.

"అన్నా, నాకు ఫోర్‌హ్యాండ్ ఒక్కటే కావాలి. బలంగా ఉండాలి. పది రోజులు."

"ఎడమ దిక్కు బంతి వస్తే ఏం జేస్తరు సార్?"

"అమ్మాయి మంచిది. అటు వెయ్యదు."

యాదగిరి నన్ను కిందినుంచి పైదాకా ఓసారి చూశాడు. తర్వాత నా భుజాలు పట్టుకుని పక్కకు తిప్పాడు. "జర ఇనుండ్రి. బలం చేతుల ఉండది, నడుంల ఉంటది. బంతి వస్తుంటే మొదలు భుజం గిట్ల పక్కకు తిరగాలె. కొట్టేటప్పుడు కాలు నేలను నూకాలె, నడుం ముందుగాల తిరగాలె, దాని ఎంట భుజం, ఆఖరికి చెయ్యి. అంతా తిరుగుతది గని తలకాయ తిరగొద్దు. కండ్లు బంతి మీదనే ఉండాలె."

ఎంత సులువుగా ఉందో చూడండి. విన్న వెంటనే వచ్చేసిందనుకున్నాను. వినడానికీ రావడానికీ మధ్య తేడా మా వృత్తిలో పెద్దగా పట్టించుకోం.

పది రోజుల్లో యాదగిరి దగ్గరికి పొద్దున్నే వెళ్లింది మూడు రోజులు. మిగతా ఏడు రోజులు లేవలేదు. ఐదింటికి లేస్తానని రాసుకున్నవాణ్ణి నేనే. అయినా ఫికర్ పడలేదు, ఎందుకంటే నాకో ఉపాయం తట్టింది. తిరగడమే కదా కావలసింది? ఆఫీసులో నా కుర్చీ తిరుగుతుంది. లంచ్ టైములో మీటింగ్ రూమ్ తలుపేసుకుని, కాళ్లు పైకెత్తి కుర్చీలో కూర్చుని, చేతిలో గొడుగు పట్టుకుని సర్రున తిరిగేవాణ్ణి. ఆహా, ఏం వేగం. గొడుగు గాల్లో ఈల వేసేది. నాలుగో రోజు ఆ వైభోగాన్ని వీడియో తీసి యాదగిరికి పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"సార్, తిరిగేది కుర్చీ. మీరు గాదు."

"అదే కదన్నా, రొటేషన్."

"మీ నడుం, భుజం, తలకాయ అన్నీ ఒక్కసారే తిరుగుతున్నయ్. బంతిని ఎవలు చూస్తరు? పైంగ ఏండ్ల సంది కుర్చీల కూసున్న నడుం అది. ఒక్కసారి గట్ల తిప్పితే పట్టుకుంటది. పొద్దుగాల రండ్రి, మెల్లగ జేద్దాం."

"అన్నా, కాన్సెప్ట్ నాకు క్లియర్‌గా ఉంది."

ఈ ముక్క అన్న నోటిని ఇప్పుడు తలుచుకుంటే నాకే చిరాకు వేస్తుంది.

ఆదివారం ఆరున్నరకి మణికొండ చేరాం. కోర్టు ఎడమపక్క కంచె దగ్గర బెంచీ మీద శ్రావ్య వాళ్ల నాన్న అంజయ్యగారు ఫ్లాస్కుతో కూర్చుని ఉన్నారు. అమ్మ కాజాల డబ్బాతో ఆయన పక్కన చేరింది. నేను తెల్ల షార్టు, తెల్ల చొక్కా, నుదుటికి పట్టీతో దిగాను. శ్రావ్య మాత్రం మామూలు ట్రాక్ ప్యాంటు, అరిగిన బూట్లు వేసుకుని అవతలివైపు నిలబడింది. ఫోటోలో కంటే బాగుంది.

"వామప్ చేస్తరా?" అంది.

"అక్కర్లేదండి, అలవాటే."

"సరే, మెల్లగ వేస్తున్న. మీ కుడి దిక్కే."

వేసింది. బంతి నెట్ దాటి, ఒకసారి నేలకు తగిలి, చిన్నపిల్లలు కొట్టేంత మెల్లగా నా కుడిపక్కకు వచ్చింది. నేను భుజం తిప్పాను, నడుము తిప్పాను, కుర్చీలో ఏడు రోజులు పోగుచేసిన బలమంతా ఒక్కసారి వదిలాను. బంతి రాకెట్‌కు తగిలింది. ఎంత గట్టిగా తగిలిందంటే కంచె దాటి ఎటు పోయిందో ఎవరికీ కనిపించలేదు. ఇక్కడిదాకా మహా బాగుంది.

అయితే కుర్చీ తిరిగితే మళ్లీ తనే వెనక్కి తెస్తుంది. నడుము తేలేదు. లోపల ఎక్కడో కలుక్కుమంది, నేను అక్కడే ఆగిపోయాను. రాకెట్ ఎడమ భుజం మీద. కాళ్లు శ్రావ్య వైపు. మిగతా మనిషినంతా బెంచీ వైపు. ఊపిరి తీస్తే నొప్పి, తియ్యకపోతే ఇంకా నొప్పి. ఎదురుగా రెండు గజాల దూరంలో అంజయ్యగారు, చేతిలో టీ కప్పు. ఏం చెయ్యాలో తోచక నవ్వాను.

"నమస్కారమండి."

"నమస్తే. ఏమైంది తమ్మీ, గట్లనే ఉన్నవ్?"

"ఏం లేదండి. ఊరికే."

టీ ఒక గుక్క తాగారు. "పిల్లను చూడనీకి వచ్చి నన్ను చూస్తున్నవేంది?"

"వాడికి కాస్త సిగ్గండి," అంది అమ్మ నన్ను కాపాడదామని. తర్వాత నా మొహం రంగు చూసింది. "ఒరేయ్, ఇటే చూస్తావేంట్రా, అమ్మాయి అటుంది."

"తిరగలేనమ్మా."

శ్రావ్య నెట్ చుట్టూ నడిచి వచ్చింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. నా వీపు మీద రెండు వేళ్లు పెట్టి ఒకచోట నొక్కింది. నేను పెట్టిన కేకకు మూడో అంతస్తు బాల్కనీలోకి ఎవరో వచ్చారు.

"కండరం పట్టేసింది. జబర్దస్తీ తిరగకుండ్రి. నాయినా, కారు తియ్యి, క్లినిక్‌కు పోదాం."

"ఏ క్లినిక్కండి?" అన్నాను పళ్లు బిగబట్టి.

"నాదే. నేను ఫిజియోను. ప్రొఫైల్ల ఉంది, చదవలేదా?"

మణికొండ నుంచి బాచుపల్లి దాకా కారు వెనక అద్దంలోంచి, వెనక వచ్చే బండ్లను చూస్తూ ప్రయాణం చేశాను. అమ్మ దారంతా కాజాలు పంచింది. నాకు పెట్టలేదు.

క్లినిక్‌లో వేడి కాపడం పెట్టింది, మెల్లమెల్లగా నడుము వదిలించింది, గోడకు నిలబెట్టి కొలత తీసింది.

"ఐదడుగుల ఏడు. ప్రొఫైల్ల తొమ్మిది ఉంది."

"నడుం వంగింది కదండీ, అందుకని."

"మంచిది. సక్కగైనంక మళ్ల కొలుస్త."

మూడు వారాలు ఆఫీసు నుంచి బాచుపల్లి తిరిగాను. ఆ మూడు వారాల్లో తను పెళ్లి మాట ఎత్తలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. చేతులెత్తు, మోకాలు మడువు, ఊపిరి వదులు, ఇంతే. నొప్పి తగ్గుతున్న కొద్దీ నాకు దిగులు పెరిగింది. నడుము బాగైపోతే ఇక్కడికి రావడానికి నాకు వేరే వంక లేదు. ఆఖరి రోజు మళ్లీ గోడకు నిలబెట్టింది. నేను మడమలు కాస్త ఎత్తాను. కాలితో నా బూటు మీద తట్టింది, దించాను.

"నడుం సక్కగైంది. ఎత్తు మాత్రం అదే."

తర్వాత నా ప్రొఫైల్ కాగితం మీద ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది, ఎర్ర పెన్ను నా చేతికిచ్చింది.

"నాకు ఆ పొద్దుగాలనే సమజైంది. రాకెట్ పిడికి ప్లాస్టిక్ కవర్ గూడ తియ్యలే మీరు. ఇగ మిగిలినవి మీరే కొట్టెయ్యుండ్రి."

టెన్నిస్ కొట్టేశాను. ఐదింటికి లేవడం కొట్టేశాను. ఎత్తు దిద్దాను. వంట దగ్గర ఆగాను.

"గుడ్లు ఉడకబెడతానండి," అన్నాను. "ఒక్కోసారి పగులుతాయి."

"కొట్టెయ్యుండ్రి."

కొట్టేశాను. మిగిలింది నా పేరు, పుట్టిన తేదీ, దిద్దిన ఎత్తు, అమ్మా నాన్నల పేర్లు. "ఇంతేనండి నేను. మీకు నచ్చాలని రాశాను. తప్పు చేశాను," అన్నాను. ఆ గదిలో నేను చెప్పిన మొదటి నిజం అది. తను కాగితం తీసుకుని, మడిచి సొరుగులో పెట్టుకుంది, తర్వాతి పేషెంట్‌ను పిలిచింది.

అందుచేత, నా ముప్పై మూడు వెన్నుపూసల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రాని విద్య వచ్చని రాయను. కుర్చీ తిరిగితే నేను తిరిగానని చెప్పుకోను. లేని అంగుళం పెంచను, జరగనిది జరిగిందని ఒక్క అక్షరమైనా రాయను.

ఇదంతా రాసి, ఒకసారి చదివి చూడమని మా ఆవిడకి ఇచ్చాను. చివరిదాకా చదివింది. వెనక్కి వెళ్లి ఒకచోట వేలు పెట్టింది.

"బంతి రాకెట్‌కు తగిలిందని రాసిన్రేంది?"

"తగిలింది కదా శ్రావ్యా. కంచె దాటి పోయింది."

లేచి వెళ్లి, అల్మారా పైఅరలోంచి రంగు వెలిసిన టెన్నిస్ బంతి ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "ఆ పొద్దు మీ వెనకాలనే పడి ఉండె. మీరు నాయినకు నమస్తే పెడుతుంటే తీసి జేబుల ఏసుకున్న."

ఎర్ర పెన్ను కూడా పెట్టింది.

సరే. తగల్లేదు.