కూజామొక్కకు ప్రసాదం

గుడి ఆఫీసులో గుమాస్తా సుదర్శనం తన ఇంటి మిద్దెమీద, ఆకుల కొసన మూతలున్న కూజాలు కాసి వాటిలో పడ్డ పురుగుల్ని తినే కూజామొక్కను పెంచుతున్నాడు. బోరునీళ్లు పడవని వాననీళ్లు పట్టి పోస్తాడు. కూజాలు కుళ్లినప్పుడల్లా కొబ్బరిపొట్టు, కడిగిన ఇసుక కలిపి వేరే తొట్టిలోకి మారుస్తాడు. అయినా కుళ్లు ఆగలేదు. ఇక మిగిలింది ఒక్కటే కూజా. ఈ ఉదయం దాని మూత తెరుచుకుందేమోనని చెంబుతో మెట్లెక్కేసరికి, తల్లి కల్యాణవల్లి అందులో దద్దోజనం వేస్తోంది.

"ఏం చేస్తా ఉండావమ్మా?"

"మనింట్లో ఉండి పురుగులు తినొచ్చునా నాయనా? కడుపు నిండితే వాటి జోలికి పోదు. రోజూ పెడతానే ఉండా. ఇదో, నువ్వూ తీసుకో."

ఆరగింపైన ప్రసాదం. కడిగి పారబోయడానికి చెయ్యి రాలేదు. చెంబు ఎడమచేతికి మార్చుకుని, కళ్లకద్దుకుని, నోట్లో వేసుకున్నాడు సుదర్శనం.