అవ్వ పట్టి పెట్టిన చోటు

సంతలో ఉల్లిగడ్డలు బేరమాడుతుంటే పక్కన ఇద్దరు చెప్పుకుంటున్న మాట చెవిన పడింది. నేత వీధి అవ్వ తెల్లవారుజామున పోయిందట. రెండు రోజులు జ్వరం, మూడో రోజు లేవలేదట. సంచి అంగట్లోనే వదిలేసి ఆమె ఇంటికి నడిచాను. తిరిగి వచ్చి బావి దగ్గర నీళ్లు పోసుకుంటుంటే, ఈ మధ్యే మా వీధికి కాపురం వచ్చిన పక్కింటాయన అడిగాడు, "ఎవరప్పా పోయింది? మీకేమైతారు?" అని.

ఏమని చెప్పాలి? బంధువు కాదు, మా కులం కాదు, మా వీధి కాదు. మా ఇద్దరినీ ఒకే కుక్క కరిచింది. మా చుట్టరికం అంతే. అయినా ఈ నాలుగు మాటలు రాయడానికి నేను బతికి ఉన్నానంటే ఆ అవ్వ వల్లే. బతికుండగా ఆమెతో ఆ మాట అనలేదు. అని ఉంటే నవ్వేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఒక సంత రోజున చింతపండు బస్తాల మధ్య నుంచి నురగ కక్కుతూ ఒక కుక్క వచ్చింది. మొదట అవ్వను పిక్క మీద కరిచింది. తరవాత నన్నూ పిక్క మీదే. మా పెదనాయన కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద, కట్టె తీసుకుని కొట్టబోయాడు. కుక్క ఆ అన్న చెయ్యి కరిచింది. అంతలో జనం తరిమారు, కుక్క కంది చేలల్లోకి పడి పోయింది.

మొదటి రోజు అన్నా నేనూ పసరు తాగాం. మా వైపు కుక్క కరిస్తే ముందు పసరు, తరవాతే డాక్టరు. రెండో రోజు కర్నూలు పోయి మా డాక్టరు గారిని కలిశాం. ఎంత మంచి మనిషో చెప్పకపోతే పాపం తగులుతుంది. మేం వెళ్తే కుర్చీలు వేయించేవారు. నాడి చూడకముందే వేరుశనగ పంట గురించి అడిగేవారు. ఆయన గదిలో కూర్చుంటే సగం జబ్బు అక్కడే దిగిపోయినట్టుండేది. ఆ రోజు మాత్రం గాయాలు చూసి కుర్చీలోంచి లేచారు.

"ఈ మందు నా దగ్గర ఉండదు రెడ్డిగారూ. దుడ్లు పెట్టి కొంటామన్నా దొరికేది కాదు. నీలగిరుల నుంచి రైల్లో సర్కారు ఆసుపత్రులకే వస్తాది. మీ ఊరి ఆసుపత్రిలోనే ఉండాది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, దినానికొకటి. ఒక్క దినం గూడా తప్పొద్దు" అన్నారు.

మా ఊరి ఆసుపత్రిని మేం ధర్మాసుపత్రి అనేవాళ్లం. నా ముప్పై అయిదేళ్లలో దాని మెట్టెక్కలేదు. ఊరికే వచ్చేది ఊరికే పోతుందని మా నాయన నమ్మకం, నాదీ అదే. మర్నాడు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని అన్నా నేనూ తిన్నగా సూదిగది వాకిలి దాకా పోయాం. సూదులు వేసే కాంపౌండరు తలెత్తలేదు. "యాడికప్పా? బారు ఆ చివర మొదలైతాది" అన్నాడు.

వసారాలో ఇరవై ముప్పై మంది నాపరాళ్ల నేల మీద బారుగా నిలబడి ఉన్నారు. ఎక్కడ నిలబడాలో తెలియక దిక్కులు చూస్తుంటే ఒక ముసలామె చెయ్యి ఊపింది.

"రా అప్పా, నా ఎనకాల నిలబడు. కుక్క గూడా నన్నే ముందు కరిచింది."

అట్లా మొదలైంది మా పరిచయం. ఎండిన తుమ్మ కొమ్మ లాంటి మనిషి. సూది పడిన ప్రతి రోజూ కొంగుకు ఒక ముడి వేసేది, లెక్క తప్పకుండా. నడుం దగ్గర ఇత్తడి పొడుం డబ్బీ దోపుకునేది. బారు నాలుగడుగులు కదిలితే ఒక పట్టు పొడుం పీల్చేది. పీల్చి, కళ్లు తుడుచుకుని, గోడ వైపు చూసి తృప్తిగా తలాడించేది. రెండో రోజో మూడో రోజో ఉండబట్టలేక అడిగాను, ఆ గోడలో ఏముందని.

"పొడుం మీద సర్కారోళ్లు పన్ను పట్టుకుంటారంట గదా. మా ఇంటాయన చెప్పేవాడు. నేను ఎన్నేండ్లుగానో పీలుస్తాండా. ఆ గోడలో ఒక రాయన్నా నాది ఉండదా అప్పా?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"నీ శిస్తు గూడా ఈడనే ఉండాది. నువ్వు ధర్మమంటాండావు గానీ, ఎవరు చేసినారప్పా మనకు ధర్మం? జొరం లేనప్పుడే ఇచ్చుకుంటిమి, జొరం వచ్చినప్పుడు తీసుకుంటాండాము."

శిస్తు కట్టిన ప్రతిసారీ ఇంటికొచ్చి గంట సేపు తిట్టేవాణ్ని నేను. రెండు జతల ఎద్దులున్న నాకు ఆ ఆసుపత్రి పరాయిది. మగ్గం గుంట తప్ప వేరే ఆస్తి లేని ఆమెకు అది సొంతం. తాగునీటి కుండ మీద మూత లేకపోతే వంట మనిషిని అడిగినట్టు ఆయాను అడిగేది. పొట్ట చూపించడానికి సిగ్గుపడే ఆడపిల్లలకు తెర సరిగ్గా లాగి పెట్టమని కాంపౌండరుతో తగాదా పడేది. ఆయన విసుక్కునేవాడు, తెర మాత్రం లాగేవాడు. మా అందరితోనూ ఆయనది ఒకటే మాట, "చొక్కా ఎత్తు." వేరుశనగ గురించి ఒక్కనాడూ అడగలేదు. మొదట్లో అది నాకు సూది కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఒక రోజు అవ్వ దగ్గర మా కర్నూలు డాక్టరు గారిని పొగిడాను. శ్రద్ధగా విని, "మంచోడే అప్పా, కాదనను. నీకు మంచోడు. నాకు ఆయన వాకిలి యాడుండాదో గూడా తెలీదు" అంది.

ఏడు సూదులయ్యేసరికి పొట్ట మీద గడ్డలు కట్టాయి. పక్కకు తిరిగి పడుకోవడానికి లేదు. ఆ సాయంత్రమే కబురొచ్చింది, ఆ కుక్క పక్క ఊళ్లో నిక్షేపంగా తిరుగుతోందని. బతికుందంటే పిచ్చిది కాదన్నమాట. కబురు తెచ్చినవాడు ఆ కుక్కను సంతలో చూసినవాడు కాదు. ఆ సంగతి మేం అడగలేదు, అడగాలని లేదు. "చాలురా ఈ బారులు, ఈ ఎండలు. మనం నిలబడే చోటా అది?" అన్నాడు అన్న. నాకూ అదే కావాలి. ఎనిమిదో రోజు పొద్దున్న ఇద్దరం మా అరుగు మీద కూర్చుని దోసెలు తింటున్నాం.

అవ్వ వచ్చింది. మా వీధిలోకి ఎప్పుడూ అడుగు పెట్టని మనిషి, వీధి మధ్యలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమప్పా, బారు కదులుతాండాది. లేస్తారా లేదా?"

"కుక్క బతికే ఉండాదంట అవ్వా" అన్నాను.

"ఎవరు చూసినారు? నిన్ను కరిచిన పండ్లను గుర్తు పట్టినాడా వాడు? నా కొంగుకు ఏడు ముళ్లుండాయి. ఇంకా ఏడు పడల్ల. నీ చోటు పట్టి పెట్టినా. నా పొడుం డబ్బీ ఆడ నేల మీద పెట్టి వచ్చినా. అది పోతే ఆ పాపం నీదే."

అప్పుడు చూశాను, నడుం దగ్గర డబ్బీ లేదు. ఊరి అటు చివర నుంచి ఇటు చివరకు, ఆ కరిచిన కాలితో, ఒక్క పట్టు పొడుం లేకుండా నడిచి వచ్చింది. అరుగుల మీదికి జనం చేరుతున్నారు. మా ఆవిడ నా చెప్పులు తెచ్చి గడప బయట పెట్టింది.

నిజం చెప్పేస్తాను. నేను బుద్ధి తెచ్చుకుని లేవలేదు. నలుగురిలో ఆ ముసలామె నోరు మూయించడానికి లేచాను. "అన్నా, రా పోదాం" అన్నాను. అవ్వ కూడా పిలిచింది, "రా నాయనా, నిన్ను చేతి మీద కరిచింది, తలకు దగ్గర, ఆ సూదులతో నీకే ఎక్కువ పని" అని. అన్న నవ్వాడు. "నువ్వు పో, డబ్బీ జాగ్రత్త" అన్నాడు.

నేను పద్నాలుగూ వేయించుకున్నాను. మిగిలిన రోజుల్లో అన్నను ఎంత బతిమాలానో, ఎంత బతిమాలాల్సిందో, ఆ రెండిటి మధ్య తేడా ఇప్పటికీ నన్ను తినేస్తుంది. నెలన్నర తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం చెంబులో నీళ్లు చూసి వణికాడు. కర్నూలు తీసుకుపోయాం. డాక్టరు గారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అంతకు మించి ఆయన చేయగలిగింది ఏమీ లేదు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

కర్మాంతరం రోజున అవ్వ మా ఇంటికి వచ్చింది. గడప బయటే కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. "ఆ దినం చెయ్యి పట్టుకుని లాగాల్సింది నేను. రెడ్డి చెయ్యి పట్టుకోవచ్చా అని ఒక్క గడియ ఆలోచించినా" అంది. చాలాసేపు ఏడ్చింది. ఆమె పొడుం పీల్చకుండా అంతసేపు ఉండడం నేను చూసింది ఆ ఎనిమిదో రోజు, మళ్లీ ఆ రోజు, అంతే.

తరవాత సంత రోజుల్లో కలిసేవాళ్లం. నేను పొడుం కొనిస్తే తీసుకునేది. "ఆసుపత్రికి నీ పేరు మీద రాసుకుంటార్లే" అనేది. జలుబు చేస్తే ఇప్పటికీ కర్నూలు పోతాను, అబద్ధమెందుకు. కుర్చీ మీద ఇష్టం పోలేదు. శిస్తును తిట్టడం మాత్రం మానేశాను.

నిన్న ఆమెను పడుకోబెట్టిన చాప పక్కన, తల దగ్గర, కోడలు ఆ డబ్బీ పెట్టింది. దాన్ని చూసేసరికి నాకు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి, అన్నిటికంటే ముందు ఆ ఎనిమిదో రోజు ఆసుపత్రి వసారా.

అవ్వా నేనూ మా ఇంటి నుంచి వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. బారు మొత్తం కదిలిపోయి ఉంటుంది, డబ్బీ ఎక్కడో వెనక పడి ఉంటుంది, ఇక ఇంటికి పోవచ్చు అనుకుంటూ మెట్టెక్కాను. వెనక లేదు. మధ్యలో లేదు. సూదిగది వాకిలికి మూడో చోట, ఒక గొర్రెల కాపరికీ ఒక చంటిపిల్ల తల్లికీ మధ్య ఉంది. బారు ఒక్కో అడుగు కదిలినప్పుడల్లా వెనకున్నవాళ్లు దాన్ని కూడా ఒక్కో అడుగు ముందుకు జరుపుతూ వచ్చారు. వాళ్లకు నేనెవరో తెలియదు. అవ్వ వాళ్లతో చెప్పింది ఒక్కటే, ఇంకో మనిషి రావాల్సి ఉందని. నేను చూస్తుండగానే ఆ తల్లి పిల్లను చంకలోకి ఎత్తుకుని వంగింది. ఇత్తడి డబ్బీని నాపరాయి మీద ఒక అడుగు ముందుకు తోసి, మళ్లీ నిలబడింది.